పట్నంలో కూలి పెరిగితే ఊళ్లో రైతుకు నష్టమా?

(2025 మే నెలలో పోచంపల్లిలో జరిగిన మండల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాసంగి వడ్లు కొందరివి ఇంకా కల్లాల్లోనే ఉన్నాయి. మబ్బు కమ్మితే గుండె దడదడలాడే రోజులివి. పట్టాలు కప్పి, ఇంట్లో ఒకరిని కాపలా పెట్టి వచ్చారని నాకు తెలుసు. వాన మొదలైతే లేచి పొండి, నేనేమీ అనుకోను. నా కుప్ప కూడా అక్కడే ఉంది.

పోయిన నెల కమిటీలో ఒక తీర్మానం చదివారు. హైదరాబాద్‌లో, చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లో కనీస వేతనాలు సవరించాలని కార్మిక సంఘాలు చేస్తున్న ఆందోళనకు మన రైతు సంఘం మద్దతు తెలపాలని అందులో ఉంది. చదవడం పూర్తి కాకముందే వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచాడు. "ఇప్పటికే నాట్లకు మనుషులు దొరుకుతలేరు. పట్నంల కూలి ఇంకా పెంచితే మన పొలానికి ఎవడొస్తడు? మన మెడకు మనమే ఉరి పెట్టుకునుడా?" అన్నాడు. చాలామంది తలలూపారు. నిజం చెప్పాలంటే నేను కూడా ఊపాను. తీర్మానం పక్కన పెట్టారు. ఆలోచించి వచ్చి మాట్లాడమని ఆ పని నాకు అప్పజెప్పారు. ఈ నెల రోజులు నా ఖర్చుల పుస్తకం ముందర పెట్టుకొని ఆలోచించాను. తేలిందేదో మీ ముందు పెడతాను, తప్పుంటే సరిదిద్దండి.

ముందుగా కనీస వేతనం ఎక్కడి నుంచి వచ్చిందో రెండు మాటలు చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, కనీస వేతనాల చట్టం చేశారు. ఆ చట్టం షెడ్యూలుకు రెండు భాగాలు. మొదటి భాగంలో బియ్యం మిల్లులు, బీడీలు, రోడ్లు, ఇళ్ల కట్టుబడి, రాళ్లు కొట్టడం లాంటి పనులు ఉన్నాయి. రెండో భాగంలో ఉన్నది వ్యవసాయం. అంటే మన పొలంలో కైకిలి చేసే మనిషికి కూడా మొదటి రోజు నుంచే ఆ చట్టం వర్తిస్తుంది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? వేతనాలను ఐదేళ్లకు మించకుండా తిరగరాయాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఎంత ఇవ్వాలి అన్నదానికి 1957లో 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత పెట్టింది. భార్య, భర్త, ఇద్దరు పిల్లలను కలిపి మూడు పూర్తి మనుషుల కింద లెక్కకట్టాలి. ఒక్కొక్కరికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి కిరాయి, వంటచెరకుకూ దీపానికీ ఇతర ఖర్చులకూ మొత్తంలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు రాప్టకాస్ బ్రెట్ కేసులో దానికి ఇంకో 25 శాతం కలపమంది. పిల్లల చదువు, మందులు, పండుగ పబ్బం, పెళ్లి, ముసలితనం అందులోకి వస్తాయి. 72 గజాల బట్ట మాట వింటే ఇక్కడి నేత కార్మికులకు నవ్వు రావచ్చు. ఆ బట్ట నేసేవాళ్ల కూలి ఏ లెక్కలో ఉందో ఎవరికీ పట్టలేదు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. షెడ్యూలులో 73 రకాల పనులు ఉన్నాయి. చాలావాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో కట్టిన మూల వేతనమే నడుస్తోంది. ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యం పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. అయితే పునాది పాతదైతే దాని మీద ఎన్ని వరుసలు పేర్చినా ఇల్లు ఎత్తు రాదు. 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త వేతనాలు ఖరారు చేస్తూ జీవోలు వచ్చాయి. వాటిని గెజిట్‌లో అచ్చు వేయలేదు. గెజిట్‌లోకి ఎక్కని జీవో అమలులోకి రాదు. కార్మికుడు దాన్ని పట్టుకొని ఏ ఆఫీసుకు పోయినా వెనక్కి పంపుతారు.

ఇది మనకు కొత్తగా అనిపించకూడదు. మద్దతు ధర పేపర్లో పడుతుంది, కొనుగోలు కేంద్రం తెరవరు. తెరిచినా తేమ అంటారు, తాలు అంటారు, బస్తాకు కిలో కిలోన్నర కోస్తారు. మనకు మద్దతు ధర ఎలాంటిదో కూలి మనిషికి కనీస వేతనం అలాంటిది. రెండూ కాగితం మీద ఉంటాయి, రెండింటికీ కాంటా దగ్గరే మోసం జరుగుతుంది.

కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పనులకు వేరే లెక్క ఉంది. 2024 అక్టోబరు నుంచి ఏ-తరగతి నగరాల్లో, అంటే హైదరాబాద్ లాంటి చోట, నైపుణ్యం లేని పనికి రోజుకు 783 రూపాయలు, నెలకు 20,358 రూపాయలు అని ప్రకటించారు. అదే కేంద్రం దేశమంతటికీ అడుగు స్థాయి అని చెప్పే వేతనం 2017లో రోజుకు 176, ఆ తర్వాత 178. తానే వేసిన సత్పతి కమిటీ 2019లో 375 ఇవ్వాలంటే దాన్ని ముట్టుకోలేదు. ఒక చేత్తో 783, ఇంకో చేత్తో 178. పట్నంలో ఒక రోడ్డుకు ఇటు ఊడ్చేవాడికి ఒక కూలి, అటు ఊడ్చేవాడికి ఇంకో కూలి. ఇద్దరూ కొనేది ఒక్క దుకాణంలోనే.

ఇక అసలు ప్రశ్న. నగరంలో చట్టం పెట్టి కూలి పెంచితే ఏమవుతుంది? యాజమాన్యాలు ఎప్పుడూ చెప్పేది ఒక్కటే: పనులు పోతాయి, దుకాణాలు మూతపడతాయి. ఈ మాటను ప్రపంచంలో చాలా చోట్ల లెక్క చూశారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా 410 హోటళ్లు తిరిగి లెక్క తీశారు. కూలి పెంచిన వైపు పనివాళ్లు తగ్గలేదు. ఆ కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. సియాటిల్ అనే నగరం 2014లో సొంతంగా చట్టం చేసి దశలవారీగా 15 డాలర్లకు పోవాలని నిర్ణయించింది. అక్కడ రెండు విశ్వవిద్యాలయాలు 2017లో రెండు రకాల లెక్కలు చెప్పాయి. బర్క్‌లీ వాళ్లు హోటళ్లలో ఉద్యోగాలు పోలేదన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తక్కువ కూలి పనుల్లో గంటలు తగ్గాయన్నారు. అంటే మంత్రం వేసినట్టు అందరికీ మేలు జరుగుతుందని నేను చెప్పను. ఎంత పెంచారు, ఎంత తొందరగా పెంచారు, యజమానికి మిగులు ఎంత ఉంది అన్నదాని మీద ఉంటుంది.

పని ఎందుకు తగ్గలేదో పుస్తకం మాటల్లో కాకుండా మన పాల లెక్కలో చెబుతాను. ఊళ్లో పాలు కొనే కేంద్రం ఒక్కటే ఉందనుకోండి. లీటరుకు 30 రూపాయలు ఇస్తుంది. గిట్టక సగం మంది బర్రెలను అమ్ముకుంటారు, సగం మంది ఇంట్లో పెరుగు తోడేసుకుంటారు. కేంద్రానికి వచ్చే పాలు తక్కువ. ప్రభుత్వం వచ్చి 38 రూపాయలకు తగ్గకుండా కొనాలని కట్టడి చేసిందనుకోండి. కేంద్రం పట్నంలో ఇంకా ఎక్కువకే అమ్ముతుంది కాబట్టి మూతపడదు. పైగా మనం బర్రెలను నిలుపుకుంటాం, పాలు పెరుగుతాయి. కొనేవాడు ఒక్కడో ఇద్దరో ఉండి, అమ్మేవాళ్లు వందల మంది ఉన్న చోట కనీస ధర పెడితే జరిగేది ఇదే. ఎల్బీనగర్ అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడ్డ మనిషి పరిస్థితి, పాలక్యాను పట్టుకొని నిలబడ్డ మన పరిస్థితి వేరు కాదు. పది గంటలైతే పాలు విరుగుతాయి, పది గంటలైతే అడ్డా మీద ఆ రోజు కూలి పోతుంది.

మన దేశంలో నగరం కథ కావాలంటే దిల్లీ ఉంది. 2017 మార్చిలో అక్కడ నైపుణ్యం లేని కార్మికుడి నెల వేతనాన్ని 9,724 నుంచి 13,350 రూపాయలకు పెంచారు. యాజమాన్యాలు హైకోర్టుకు పోయాయి. 2018 ఆగస్టులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయి, మళ్లీ కసరత్తు చేసి, 2019 అక్టోబరులో 14,842 రూపాయలతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. రెండున్నరేళ్ల కొట్లాట. పెంచడం కంటే పెంచినదాన్ని నిలబెట్టుకోవడం కష్టమని దాంట్లో మనం చూడాలి.

సరే, పట్నం యజమానికి మిగులు ఉంటుంది, భరిస్తాడు. లేదా ధరలో కలిపేస్తాడు. హైవే మీద హోటల్ వాడు పది రూపాయల చాయ్‌ని పన్నెండు చేస్తాడు. మన పెద్దమనిషి ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది. "నేను వడ్లకు రేటు రాసుకోగలనా?" రాసుకోలేం. కూలి ఇచ్చే యజమానులందరిలో తన సరుకుకు తాను ధర చెప్పలేనివాడు రైతు ఒక్కడే. కాబట్టి ఆయన భయం ఉత్తది కాదు. దాన్ని "రైతుకు కార్మికుడి మీద ఓర్వలేనితనం" అని కొట్టిపారేసే మనవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఒక యాసంగి నాట్లు వేయించి మాట్లాడితే బాగుంటుంది.

ఈ భయం మనకు ఒకసారి అనుభవమే. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైంది. మొదటి విడత జిల్లాల్లోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. అప్పుడు ఊరూరా ఇదే మాట: "చెరువులో కూర్చుంటే పైసలిస్తుంటే పొలానికి ఎందుకొస్తరు?" నేను కూడా అన్నాను. తర్వాత ఏమైంది? కూలి పెరిగింది, నిజం. ముఖ్యంగా ఆడవాళ్లు మొదటిసారి "ఇంతైతే వస్తాం, లేకుంటే రాం" అని చెప్పగలిగారు. వ్యవసాయం ఆగిపోలేదు. కోత మిషన్లు వచ్చాయి. అవి ఎట్లాగూ వచ్చేవే. పంచాయతీలో పనిచేసిన మనిషి ఎండాకాలం వలస పోకుండా ఊళ్లో ఉన్నాడు, వానాకాలం మన పొలానికి దొరికాడు. ఇవాళ తెలంగాణలో ఉపాధి కూలి 307 రూపాయలు. దాని కోసం మన నాట్లు ఎవరూ వదిలిపెట్టరు.

ఇప్పుడు నా ఖర్చుల పుస్తకం విప్పుతాను. పిల్లాయిపల్లి కాల్వ కింద నాకు రెండెకరాల పొలం, మీద ఎకరం చెలక ఉన్నాయి. ఈ యాసంగిలో ఎకరానికి 24 క్వింటాళ్ల వడ్లు అయ్యాయి. నాట్లు, కలుపు, ఒడ్లు చెక్కడం, మందు చల్లడం, కల్లంలో ఆరబోసి ఎత్తడం అన్నీ కలిపి బయటి మనుషులు ఎకరానికి 18 కూళ్లు పడ్డాయి. కోత మిషనుదే. రేపు పట్నంలో కనీస వేతనం అమలై, దాని ఊపులో ఇక్కడ కూలి రోజుకు వంద రూపాయలు పెరిగిందనుకుందాం. ఎకరానికి నా మీద పడేది 1,800 రూపాయలు. తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాను.

అదే కాగితం మీద పక్కన ఇంకో లెక్క వేశాను. 2024-25లో వడ్లకు మద్దతు ధర 2,300. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ లెక్క ప్రకారం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ ఖర్చు 1,533. అంటే చేతి ఖర్చు, ఇంటిల్లిపాది కష్టం కలిపి. దానికి సగం కలిపితే 2,300 వస్తుంది. స్వామినాథన్ కమిషన్ అడిగింది సీ2 మీద యాభై శాతం. అందులో సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా ఉంటాయి. సీ2 అదే కమిషన్ లెక్కలో 2,008. దానికి సగం కలిపితే 3,012. తేడా క్వింటాలుకు 712 రూపాయలు. నా 24 క్వింటాళ్ల మీద ఎకరానికి 17,088 రూపాయలు.

ఒక పక్క 1,800, ఇంకో పక్క 17,088. నేను నెల రోజులుగా తిట్టుకుంటున్నది 1,800 తీసుకుపోయే మనిషిని. 17,088 తీసుకుపోయినవాడు నా కల్లానికి రాలేదు, నాకు ఎదురుపడలేదు, కాబట్టి వాడి మీద నాకు కోపం రాలేదు.

సన్నాలకు రాష్ట్రం ఇస్తున్న 500 బోనస్ గురించి అడుగుతారు. వచ్చినవాళ్లకు మంచిదే. దొడ్డు వడ్లు వేసినవాళ్లకు రాదు, కౌలుదారుల్లో చాలామందికి చేతికి రాదు.

పత్తి లెక్క ఇంత సులువు కాదని కూడా చెప్పాలి. పత్తి ఏరడానికి మిషను లేదు. నేను కిలోకు 12 రూపాయలు ఇచ్చి ఏరించాను. ఎకరంలో 8 క్వింటాళ్లు వస్తే 9,600 ఏరుడుకే పోయాయి. కిలోకు మూడు రూపాయలు పెరిగితే ఇంకో 2,400. పత్తి రైతుకు కూలి దెబ్బ వరి రైతు కంటే ఎక్కువ తగులుతుంది. చెలకల మీద బతికే మునుగోడు, దేవరకొండ వైపు రైతులు మనకంటే గట్టిగా వ్యతిరేకిస్తే అర్థం చేసుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. మా చిన్నోడు పట్నంలో ఒక అపార్టుమెంటు దగ్గర కాపలా పని చేస్తాడు. ఏజెన్సీ ద్వారా పెట్టారు. పన్నెండు గంటల డ్యూటీ, నెలకు 13,500. ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైం రెట్టింపు ఇవ్వాలని వాడికీ తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు. ఉప్పల్ దగ్గర ఒక గదిలో నలుగురు ఉంటారు. కోడలు, పిల్ల మా దగ్గరే. ఎందుకంటే ఆ జీతంతో అక్కడ సంసారం పెట్టలేడు. నెలకోసారి వచ్చి బియ్యం బస్తా, కందిపప్పు, కారం తీసుకుపోతాడు. పోయిన ఏడు డెంగీ వస్తే ఆసుపత్రి బిల్లుకు నేనే వడ్డీకి తెచ్చి కట్టాను.

ఒకరోజు రాత్రి కూర్చొని లెక్క వేస్తే నాకు తేలింది ఏమిటంటే, ఆ అపార్టుమెంటు కాపలా ఖర్చులో కొంత భాగం పోచంపల్లి రెండెకరాలు భరిస్తోంది. వాడికి ఇవ్వాల్సిన జీతం ఇవ్వనందువల్ల పడిన లోటును నా వడ్లు పూడుస్తున్నాయి. ఆ వడ్లకు కూడా ఇవ్వాల్సిన ధర ఇవ్వలేదు. తండ్రి దగ్గర ఒకసారి, కొడుకు దగ్గర ఒకసారి కోశారు. ఈ మందిరంలో ఉన్న మీలో పట్నంలోనో, చౌటుప్పల్ కంపెనీల్లోనో పిల్లలు పనిచేయనివాళ్లు చేతులెత్తండి. (ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు.) చూశారు కదా. మనం కూలి ఇచ్చే ఇళ్లు కావచ్చు, అంతకన్నా ఎక్కువగా కూలి తెచ్చుకునే ఇళ్లం.

పాలమూరు వాళ్లను అడగండి, ఇంకా బాగా చెబుతారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతే దేశంలో ఏ డ్యాము దగ్గర చూసినా పాలమూరు లేబరే. తట్టలు మోసి వాళ్లు కట్టిన కాల్వల కింద వేరేవాళ్ల పొలాలు పారాయి, వాళ్ల చెలకలు ఎండాయి. ఆ చెలకలు పూర్తిగా వదులుకోకపోవడం వల్లనే మేస్త్రీ వాళ్లకు తక్కువ కూలి ఇవ్వగలిగాడు. ముసలివాళ్లు, పిల్లలు జొన్న గటకతో ఊళ్లో బతుకుతున్నారు కదా అన్నది వాడి ధైర్యం.

ఇప్పుడు మన నాట్లకు బిహార్ నుంచి, బెంగాల్ నుంచి గుంపులు వస్తున్నాయి. ఎకరానికి గుత్త మాట్లాడుకొని వేసి పోతున్నారు. వాళ్ల వెనక కూడా అక్కడ ఒక తండ్రి, అర ఎకరం పొలం ఉంటాయి. వాళ్లకు తక్కువకు మాట్లాడి మనవాళ్లను వదిలేసిన రైతులు ఉన్నారు. దాని మీద నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు.

పోచంపల్లిలో నిలబడి 1951 ఏప్రిల్ 18 మాట చెప్పకుండా ఉండలేం. వినోబా వచ్చినప్పుడు భూమి లేని 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, సగం తరి, సగం ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. దేశమంతా తెలిసిన కథ. అంతకు ముందు ఇదే జిల్లాలో వెట్టి మీద, కూలి మీద ఎంత రక్తం పారిందో మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పారు. ఆనాడు భూమి అందనివాళ్ల మనవలు, అందినా అమ్ముకున్నవాళ్ల మనవలు ఇవాళ పట్నం బస్సెక్కుతున్నారు. వెట్టి పోయిందని మనం అనుకుంటాం. 1982లో దిల్లీ ఆసియా క్రీడల కట్టుబడి కూలీల కేసులో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు ప్రకారం, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుంది. ఆకలికి ఒప్పుకొని చేసినా అది ఒప్పుకోలు కాదన్నారు. ఈ కొలతతో చూస్తే వెట్టి గడీలో నుంచి బయటికి వచ్చి ఏజెన్సీ ఆఫీసులో కూర్చుంది.

మన మద్దతు ధరకూ కనీస వేతనానికీ నేరుగా ఒక ముడి ఉంది. దాని మీద మన సభల్లో ఎక్కువ మాట్లాడలేదు. సాగు ఖర్చు లెక్కలు ఎట్లా కట్టాలో చూడటానికి 1990లో ఒక నిపుణుల కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు మన కరీంనగర్ బిడ్డ, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారు. మనిషి కష్టాన్ని చట్టం చెప్పే కనీస వేతనం ప్రకారమో, ఊళ్లో ఇచ్చే అసలు కూలి ప్రకారమో, రెంటిలో ఏది ఎక్కువైతే దాని ప్రకారం లెక్క కట్టాలని ఆ కమిటీ చెప్పింది. రైతు చేసే మేనేజ్‌మెంటు పనికి పది శాతం అదనంగా కలపాలని కూడా చెప్పింది. దీని అర్థం చూడండి. వ్యవసాయ కనీస వేతనం కాగితం మీద పాతబడి పడి ఉంటే మన వాదన కూడా బలహీనపడుతుంది. దాన్ని నిజంగా సవరిస్తే, నా భార్య నాటు వేసిన రోజుకు, నేను రాత్రి మోటారు దగ్గర కాపలా కాసిన రోజుకు చట్టం పేరుతో ఒక ధర దొరుకుతుంది. ఆ ధర వేసి వడ్ల రేటు కట్టమని అడిగే హక్కు వస్తుంది. కూలి తక్కువగా ఉండాలని కోరుకునే రైతు, తన కష్టానికి కూడా తక్కువ వెల కట్టమని అడుగుతున్నట్టే.

నేత మాట చెబుతానన్నాను. ఇక్కడ మగ్గం మీద కూర్చున్నది ఒక్కడే కనిపిస్తాడు. ఆసు పోసేది, కండెలు చుట్టేది, చిటికి కట్టేది ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు. మాస్టర్ వీవర్ ఇచ్చే కూలి ఒక వార్పు చీరలకు ఇంత అని. ఇంటిల్లిపాది ఎన్ని రోజులు కూర్చున్నారో ఎవరూ అడగరు. అచ్చం మన ఎఫ్‌ఎల్ లాగానే. అందుకే వాళ్ల పిల్లలు కూడా మగ్గం గుంటలో దిగడం లేదు, చౌటుప్పల్ కంపెనీ బస్సు ఎక్కుతున్నారు. చేనేత సంఘాల వాళ్లు ఈ సమావేశానికి వచ్చారు, వాళ్లే నాకంటే బాగా చెబుతారు.

కాబట్టి తీర్మానాన్ని మార్చి మళ్లీ పెడుతున్నాం. మద్దతు ఒక్కటే చాలదు. మూడు సంగతులు అందులో చేర్చమని నేను కమిటీని అడిగాను. గెజిట్‌లో వేయని జీవోలను వేయాలి, మిగతా షెడ్యూళ్లనూ సవరించాలి. అందులో వ్యవసాయం కూడా ఉండాలి, మనం దాన్నుంచి మినహాయింపు అడగొద్దు. సవరించిన కూలిని మద్దతు ధర లెక్కలోకి తీసుకొని సీ2 మీద యాభై శాతం ఇవ్వాలి. మొదటి రెండూ వచ్చి మూడోది రాకపోతే చిన్న రైతు మునుగుతాడు, ఆ సంగతి కార్మిక సంఘాల మిత్రులకు కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. వాళ్ల సభల్లో మన మద్దతు ధర తీర్మానం చదివితేనే మన సభలో వాళ్ల వేతనాల తీర్మానం చదువుదాం. ఇది బేరం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీరు చేయాల్సినవి కూడా ఉన్నాయి. పట్నంలో పనిచేసే పిల్లల జీతం చీటీలు, లేకపోతే బ్యాంకు పాసు పుస్తకం ఫొటో తెప్పించండి. తక్కువ ఇచ్చారని చట్టం కింద క్లెయిము వేయాలంటే ఆరు నెలల లోపల వేయాలి. తేలితే తక్కువైనదే కాకుండా దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు. తప్పు చేసిన యజమానికి ఆ చట్టంలో జరిమానా మాత్రం 500 రూపాయలే. 1948 నాటి అయిదొందలు. ఆ జరిమానాకు ఎవడూ భయపడడు, క్లెయిముకు భయపడతాడు. ఇంకోటి, వచ్చే వానాకాలం నాటు మొదలైన రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎన్ని కూళ్లు, ఎంత ఇచ్చాం, ఇంట్లోవాళ్లు ఎన్ని రోజులు చేశారు, అన్నీ రాయండి. నా లెక్క నా రెండెకరాలది. వంద ఇళ్ల లెక్క ఉంటే అప్పుడు ఎవరితోనైనా మాట్లాడొచ్చు.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. నా పుస్తకంలో కలుపు తీసిన ఆడవాళ్లకు రాసిన కూలి, మందు చల్లిన మగవాళ్లకు రాసినదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. అది వేరే పని కదా అని ఇన్నేళ్లు నేను సర్దిచెప్పుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి వంగితే పొద్దుగూకే దాకా వంగే ఉన్న మనిషికి తక్కువ ఎందుకో నేను చెప్పలేకపోయాను. వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లు జూన్ మొదటి వారంలో, నార్లు పోయకముందే, కూలి రేట్ల మీద కూర్చుందామని కబురు పంపారు. మన తరఫున ఐదుగురు పోవాలి. ఆ పెద్దమనిషి, పోయిన నెల లేచి అడిగినాయన, ముందు వరుసలోనే ఉన్నాడు. ఆయన పేరు మొదట రాయమని కోరుతున్నాను. రెండో పేరు నాది రాయండి.